విజయనగరం నీళ్లలో వైట్ టీ, గ్రీన్ టీ: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి వెళ్లాక

చేయబోయే పని ఇది. పాలు, పంచదార అక్కర్లేని ఆకు టీలు కొన్ని తెప్పించాలి. వాటిని విజయనగరంలో మా ఇంటికి వచ్చే నీళ్లతో, మా వంటింట్లో ఉన్న గిన్నెలతోనే కాచాలి. పక్కపక్కన పెట్టి తాగి, ఏది ఎలా ఉందో అప్పటికప్పుడు రాసుకోవాలి. ఎండాకాలం ముగిసేసరికి అలమరలో ఒకటో రెండో మిగలాలి, మిగతావి పోవాలి. పొద్దున్న తాగే పాల టీ జోలికి మాత్రం పోను. అమ్మ ఉన్న ఇంట్లో ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు.

గంటస్తంభం చుట్టుపక్కల కొట్లలో టీ అంటే డస్టు టీయే. గ్రీన్ టీ కావాలంటే దారం కట్టిన సంచుల పెట్టె చేతిలో పెడతారు. ఆ సంచుల్లో ఉండేది చాలావరకు ఆకుని జల్లెడ పట్టగా కింద పడిన పొడి, చిన్న ముక్కలు. వేడినీళ్లు తగలగానే చేదూ వగరూ ఒక్కసారే దిగిపోతాయి. గ్రీన్ టీ అంటే ముఖం చిట్లించుకుని మింగేది అని మన జనానికి నమ్మకం కుదరడానికి ఆ సంచులే కారణమని నా అనుమానం. అందుకని అన్నీ కొరియర్లో తెప్పించాను.

వైట్ టీల్లో నీలగిరి సిల్వర్ టిప్స్, డార్జిలింగ్ వైట్, చైనా ఫుజియాన్ ప్రాంతం నుంచి వచ్చే సిల్వర్ నీడిల్, వైట్ పియోనీ. గ్రీన్ టీల్లో నీలగిరి గ్రీన్, హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా గ్రీన్, చైనా లాంగ్‌జింగ్, గన్‌పౌడర్, జపాన్ సెంచా. ఖరీదైనవాటికి 25 గ్రాముల పొట్లాలే. గన్‌పౌడర్ ఒక్కటే చవక, అది పావుకిలో.

ఇవన్నీ ఒకే జాతి మొక్క ఆకులు. తేడా అంతా కోసిన తర్వాత వస్తుంది. కోసిన ఆకుని ఊరికే వదిలేస్తే అందులోని ఎంజైములు గాలితో కలిసి దాన్ని గోధుమరంగుకి తిప్పుతాయి. చివరిదాకా పోనిస్తే బ్లాక్ టీ. గ్రీన్ టీకి ఆ పనిని మొదట్లోనే ఆపేస్తారు. చైనాలో ఎక్కువగా వేడి మూకుడులో వేయించి ఆపుతారు, జపాన్‌లో ఆవిరి పట్టి ఆపుతారు. వైట్ టీకి వేయించడం లేదు, ఆవిరి లేదు, నలపడం కూడా లేదు. మొగ్గల్ని, లేత ఆకుల్ని పల్చగా పరిచి, చాలాసేపు వాడనిచ్చి, ఆరబెడతారు. వాడుతున్నంతసేపూ ఎంజైములు మెల్లగా తమ పని తాము చేసుకుంటాయి. నలపడం, నలపకపోవడం అన్న తేడాని ఇక్కడ గట్టిగా గీత గీసి పెట్టుకుంటున్నా. ఈ ప్రాజెక్టులో చాలా సంగతులు దాని దగ్గరికే వచ్చి ఆగుతాయని అనిపిస్తోంది.

జనవరి చివర: తూకం

చెంచా కొలత పనికిరాదు. గన్‌పౌడర్ ఆకుని చిన్న చిన్న గుళికల్లా చుడతారు. టీస్పూనుడు తూస్తే మూడు గ్రాములు దాటింది. అదే చెంచాతో వైట్ పియోనీ తీస్తే గ్రాము కూడా తూగలేదు. విప్పారిన ఆకులు, మొగ్గలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, మధ్యలో అంతా గాలే. "చెంచా ఆకు వేసి మూడు నిమిషాలు ఉంచండి" అని పొట్లాల మీద రాసేవాళ్లు ఎప్పుడైనా తూచి చూశారో లేదో. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొన్నాను. గ్రాములో పదో వంతు దాకా చూపిస్తుంది, ఈ పనికి అది చాలు.

టీలని పోల్చడానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ఓ 3103. 100 మిల్లీలీటర్ల నీళ్లకి 2 గ్రాముల ఆకు, మరుగుతున్న నీళ్లు, పింగాణీ పాత్ర, మూత పెట్టి 6 నిమిషాలు. ఇదే పద్ధతి చెప్పే బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్ నోబెల్ సాహిత్య బహుమతి ఇచ్చారు, టీ కాచడం గురించి ఆరు పేజీలు రాసినందుకు. నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, పద్ధతి మాత్రం పక్కా. అది హాయిగా తాగడానికి పెట్టింది కాదు, ఆకులో ఏం లోపం ఉందో బయటపెట్టడానికి పెట్టింది. మెత్తగా కాస్తే దాక్కునేవన్నీ ఆరు నిమిషాల మరుగునీళ్లలో బయటికొస్తాయి.

అందుకని తొమ్మిదింటినీ ముందు ఆ పరీక్షకి నిలబెట్టాను. మూతలున్న తెల్ల పింగాణీ కప్పులు, స్టీలు వడకట్టు. పాల టీ వడకట్టే గుడ్డ వాడలేదు, దాని వాసన దానికుంది. మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పు లేని మరమరాలు. పొద్దున్నే, ఇంట్లో ఇంగువ పోపు పడకముందే పని ముగించాలి.

సెంచా నోట్లో పెట్టుకోలేకపోయాం. ఉడికిన పాలకూర వాసన, దాని వెనక నాలుక పీక్కుపోయే వగరు. గన్‌పౌడర్ పొగవాసనతో చేదెక్కింది. నీలగిరి గ్రీన్ రంగు బాగుంది, రుచి కరుకు. కాంగ్రా వగరుగా ఉన్నా ఏదో పూల వాసన మిగుల్చుకుంది. లాంగ్‌జింగ్ చేదైంది కానీ పాడైపోలేదు. ఇక వైట్ టీలు నాలుగూ ఆ దెబ్బకి తట్టుకుని నిలబడ్డాయి. డార్జిలింగ్ వైట్ కొద్దిగా వగరెక్కింది. సిల్వర్ నీడిల్ చిక్కబడి ఇంకా బాగుంది. మొగ్గల మీది తెల్లటి నూగు కప్పులో తేలుతుంటే అమ్మ చూసి, "ఏటిరా ఇది, దుమ్ము తేల్తంది" అని కప్పు వెనక్కి నెట్టేసింది. ఆ నూగు ఎంత బాగా ఉంటే మొగ్గ అంత లేతదన్నమాట. అమ్మకి చెప్పి చూశాను, లాభం లేదు.

ఫిబ్రవరి: నీళ్లు

కప్పులో నూటికి తొంభై తొమ్మిది వంతులు నీళ్లే కదా. ఆకు ధర గురించి అంత ఆలోచించి, నీళ్లు ఏవి దొరికితే అవి పోయడం ఏం న్యాయం?

మా ఇంటికి మూడు రకాల నీళ్లు. నెల్లిమర్ల వైపు చంపావతి నుంచి వచ్చే మునిసిపల్ కొళాయి నీళ్లు. పెరట్లో బోరు నీళ్లు. రోజు విడిచి రోజు ఆటోలో వచ్చే క్యాన్ నీళ్లు, అంటే ఆర్వో నీళ్లు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపించే టీడీఎస్ మీటరు ముంచితే బోరు 700 దాటింది, కొళాయి 200కి అటూ ఇటూ, క్యాన్ 40 లోపు.

పరీక్షకి రెండే టీలు పెట్టుకున్నాను, కాంగ్రా గ్రీన్, వైట్ పియోనీ. ఆకు తూకం ఒకటే, వేడి ఒకటే, టైము ఒకటే, నీళ్లు మాత్రం వేరు.

బోరు నీళ్లలో కాంగ్రా రంగు చూడగానే తెలిసిపోయింది. లేత పసుపు ఆకుపచ్చ రావాల్సింది మురికి గోధుమరంగు వచ్చింది. చల్లారేకొద్దీ పైన నూనె తెట్టులాంటి పొర కట్టింది. నిజానికి అది నూనె కాదు. గట్టి నీళ్లలో, అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్లలో, ఉండే కాల్షియం, బైకార్బొనేట్, టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్ కలిసి కట్టే పొర. బైకార్బొనేట్ వల్ల నీళ్లు క్షారం వైపు ఒరుగుతాయి, అందుకే రంగు కూడా ముదురుతుంది. రుచి చూస్తే చేదు లేదు, వగరు లేదు, అసలేమీ లేదు. వాసన కూడా చచ్చిపోయింది. పియోనీ రంగు కూడా ముదిరింది కానీ తేనె తీపి ఇంకా కొంత మిగిలింది.

క్యాన్ నీళ్లలో దానికి పూర్తిగా ఎదురు. రంగు అద్దంలా ఉంది, వాసన గుప్పుమంది. కాని కాంగ్రా వగరు మొన తేలి నాలుక అంచుల్ని గీకింది. కొళాయి నీళ్లలో రెండూ గుండ్రంగా, నెమ్మదిగా వచ్చాయి. కాకపోతే కొన్ని రోజులు క్లోరిన్ వాసన తగిలేది. నీళ్లని రాత్రంతా మూత లేని గిన్నెలో వదిలేస్తే చాలావరకు పోయింది.

ఇంటికొచ్చిన పిన్నికి కప్పులు వరస తెలియకుండా ఇచ్చాను. ఆవిడ ఊరగాయలు పెట్టి అమ్ముతుంది. ఉప్పు ఎంత పడిందో జాడీలో వేలు ముంచి చెప్పేస్తుంది. టీ గురించి ఏమీ తెలీదు, ఆకు టీ తాగడం అదే మొదలు. బోరు కప్పు తాగి, "ఇందులో టీ అదేరా, నీల్లే వేరు" అంది. అప్పటినుంచి పిన్ని ఈ ప్రాజెక్టుకి పెద్ద నాలుక.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఇదే దారిలో ఉంది. బాటిల్ నీళ్లతో కంటే ఖనిజాలు ఎక్కువున్న కొళాయి నీళ్లతో కాచిన గ్రీన్ టీలో ఈజీసీజీ అనే క్యాటెకిన్, అంటే ఆరోగ్యం కోసం తాగేవాళ్లు కోరుకునే చేదు పాలీఫినాల్, సుమారు సగమే దిగింది. తాగినవాళ్లకి అదే తక్కువ చేదుగా, ఎక్కువ తియ్యగా అనిపించింది. ఆరోగ్యం కోసం గ్రీన్ టీ తాగేవాళ్లకి ఒక నీళ్లు, రుచి కోసం తాగేవాళ్లకి ఇంకో నీళ్లు అన్నమాట. నేను రుచి పక్షం.

తేల్చుకున్నది: సగం క్యాన్, సగం కొళాయి, కలిపితే టీడీఎస్ 120 దగ్గర. ఇక చివరిదాకా ఇవే నీళ్లు. బోరు నీళ్లు మొక్కలకి.

మార్చి: వేడి, టైము

గ్రీన్ టీని తియ్యగా, కమ్మగా అనిపించే అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా థియానిన్, తక్కువ వేడిలోనే నీళ్లలోకి దిగుతాయి. చేదు, వగరు ఇచ్చే క్యాటెకిన్లకి, కెఫీన్‌కి ఎక్కువ వేడి కావాలి. కాబట్టి గ్రీన్ టీ కాచడమంటే నీళ్లని చల్లార్చడమే. దాని కోసం డిజిటల్ కెటిల్ కొనాలా అని కొంత ఆలోచించి, ఇంట్లో శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి తెచ్చిన ఇత్తడి చెంబు కనబడి ఆగాను. మందపాటి చెంబు. మరిగిన నీళ్లు అందులో పోస్తే చెంబు తన వేడెక్కే పని తాను చూసుకుంటుంది, నీళ్లు 84 డిగ్రీల దగ్గరికి వచ్చి నిలబడతాయి. అక్కడినుంచి గాజుగ్లాసులోకి పోస్తే 76, 77. థర్మామీటరు పెట్టి సరిచూసుకున్నాక ఇక థర్మామీటరు అక్కర్లేదు. చెంబులోకి మంచినీళ్లు మాత్రమే, టీ కాదు. కళాయి లేని ఇత్తడిలో టీ పోయడం నాకు ఇష్టం లేదు.

సెంచాని 70 డిగ్రీల్లో ఒక్క నిమిషం ఉంచితే, ఐఎస్ఓ పరీక్షలో తాగలేకపోయిన ఆకు ఇదేనా అనిపించింది. చిక్కటి పచ్చరంగు, సముద్రపు నాచు వాసన, గొంతు దిగాక కూడా నాలుక మీద ఉండిపోయే కమ్మదనం. నాకు నచ్చింది. బావగారు ఒక్క గుక్క తాగి, "భీమిలి బీచికెళ్లి నోరు తెరిచినట్టుందోయ్" అన్నారు. అది మెచ్చుకోలో కాదో ఆయన ముఖం చూస్తే తెలియలేదు.

లాంగ్‌జింగ్‌కి 80 డిగ్రీలు, రెండు నిమిషాలు. ఇది హాంగ్‌జౌ ఊరి పశ్చిమ సరస్సు చుట్టుపక్కల కొండల్లో పుట్టిన టీ. ఆకుని వేడి మూకుడులో చేత్తో అదిమి అదిమి బల్లపరుపుగా చేస్తారు. పొట్లం మీద చెస్ట్‌నట్ వాసన అని రాసి ఉంటుంది. ఆ కాయ మా ఇంట్లో ఎవ్వరూ తినలేదు. అమ్మ మాత్రం వాసన చూసి "నిప్పుల్లో కాల్చిన పనసపిక్క" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఈ టీ ఒక్కటే అమ్మ పూర్తిగా తాగింది.

నీలగిరి గ్రీన్ 80 దగ్గర బాగా తేరుకుంది, కానీ రెండోసారి నీళ్లు పోస్తే ఏమీ మిగల్లేదు. గన్‌పౌడర్ ఎంత తగ్గించినా పొగ పోలేదు. మొరాకోలో దాన్ని పుదీనా, పంచదార దట్టించి తాగుతారు. ఆ దారే దానికి సరి. ఒకరోజు అలాగే కాస్తే ఇంటిల్లిపాదీ తాగారు. ఆ రోజుతో గన్‌పౌడర్ పోటీలోంచి తప్పుకుని పుదీనా డబ్బా పక్కకి చేరింది.

వైట్ టీలకి 85 నుంచి 90 దాకా, నాలుగైదు నిమిషాలు. ఆ నడుమ ఎక్కడ ఆపినా పెద్ద తేడా రాలేదు. దాంతో ఇంకో పరీక్ష పెట్టాను. కావాలనే వదిలేసే పరీక్ష. అసలు మన ఇళ్లల్లో టీ ఎలా కాస్తాం? నీళ్లు పోస్తాం, గేటు దగ్గర గ్యాసువాడు పిలుస్తాడు, ఫోను మోగుతుంది, కుక్కరు విజిల్ వేస్తుంది. రెండు నిమిషాలు ఎప్పుడు పదయ్యాయో తెలీదు. అందుకని అన్నిటినీ తమ తమ వేడిలో పది నిమిషాలు వదిలేసి తాగాం.

సెంచా పారబోశాం. నీలగిరి గ్రీన్ సగం తాగి వదిలేశాం. కాంగ్రా తాగగలిగేలా ఉంది, అంతే. లాంగ్‌జింగ్ విషయంలో ఒక కిటుకు ఉంది. చైనాలో చాలామంది పొడుగు గాజుగ్లాసులో కొంచెమే ఆకు వేసి, తీయకుండా, మూడోవంతు మిగలగానే మళ్లీ నీళ్లు పోసుకుంటూ తాగుతారు. ఆకుని సగానికి తగ్గించి అలా చేస్తే పది నిమిషాలైనా బాగుంది. మామూలు తూకంతో అయితే చేదు.

వైట్ పియోనీ పది నిమిషాలకి రంగు తేనెలా మారింది, రుచి చిక్కబడింది, చేదు రాలేదు. సిల్వర్ నీడిల్, నీలగిరి టిప్స్ కూడా అంతే. కారణం జనవరిలో గీత గీసి పెట్టుకున్నదే. సెంచాని ఆవిరి పట్టాక బాగా నలుపుతారు. కణాలు చిట్లి రసం ఆకు మీదకి వచ్చి ఎండుతుంది, నీళ్లు తగలగానే దిగిపోతుంది. వైట్ టీ ఆకు చిట్లదు. దాని గోడలు దాటి నీళ్లు లోపలికి పోయి, రసం బయటికి రావాలి. ఆ ఆలస్యమే గ్యాసువాడితో మాట్లాడి వచ్చేదాకా టీని కాపాడుతుంది.

ఒక చిన్న సంగతి. వైట్ టీలో కెఫీన్ ఉండదు అని చెప్పి అమ్మేవాళ్లని నమ్మొద్దు. పురుగులు ముందు కొరికేది లేత మొగ్గనే కాబట్టి మొక్క కెఫీన్‌ని అక్కడే ఎక్కువ పెట్టుకుంటుంది. రాత్రి ఎనిమిదికి సిల్వర్ నీడిల్ తాగిన బావగారు అర్ధరాత్రి దాటాక కూడా ఫోన్లో పాత క్రికెట్ మ్యాచి చూస్తూ కూర్చున్నారు.

ఏప్రిల్: కొత్త ఆకు, చాటు పరీక్ష

టీకి కూడా పంట కాలాలు ఉంటాయి. నీలగిరిలో చలికాలం ఆకు డిసెంబరు, జనవరిలో కోస్తారు, కాబట్టి నా దగ్గర ఉన్నది కొత్తదే. డార్జిలింగ్ తొలి కోత మార్చిలో మొదలవుతుంది, కాంగ్రా వసంతం కోత ఏప్రిల్‌లో. లాంగ్‌జింగ్‌లో ఖరీదైనది ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకి ముందు కోసింది. అంటే జనవరిలో నేను తాగిన కాంగ్రా ముందు ఏడాదిది. కొత్త పొట్లం తెప్పించి పాతదాని పక్కన పెడితే తేడా ముక్కుకే తెలిసింది. పాతది ఎండుగడ్డి, కొత్తది అప్పుడే తుంచిన ఆకు పసరు, వెనక సన్నగా పూలు. గ్రీన్ టీ కొనేటప్పుడు ధర కంటే ముందు కోత నెల చూడాలి. పొట్లం మీద ఆ నెల రాయనివాళ్ల దగ్గర ఇక కొనను.

చాటు పరీక్ష ఇలా. మూడు కప్పులు. రెండిట్లో ఒకే టీ, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. కళ్లు మూసుకుని చెప్పినా మూడిట్లో ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒకసారి సరిగ్గా చెప్పినంత మాత్రాన లెక్కలోకి రాదు, మళ్లీ మళ్లీ చెప్పాలి. కాచేది నేను, పోసేది అక్క, ఏది ఎక్కడుందో అక్కకే తెలుసు. తాగేవాళ్లు పిన్ని, బావగారు, నేను.

డార్జిలింగ్ వైట్‌ని పియోనీ పక్కన ఎవరైనా పట్టేశారు. డార్జిలింగ్‌లో పండు వాసన ఉంది, కొంచెం వగరు కూడా. నలపకపోయినా అది మిగతా వైట్ టీలంత మెత్తన కాదు. లాంగ్‌జింగ్, కాంగ్రా కూడా సులువే, ఒకదానికి మూకుడు వాసన ఉంది, రెండోదానికి లేదు. చిక్కంతా సిల్వర్ నీడిల్‌కీ నీలగిరి సిల్వర్ టిప్స్‌కీ మధ్య వచ్చింది. రెండూ మొగ్గలే, రెండిటి రంగూ లేత గడ్డిరంగే. బావగారు, నేను ఊహించి చెప్పడమే అయింది. పిన్ని మాత్రం ప్రతిసారీ పట్టుకుంది. "ఇది తాటిముంజె లోపలి నీల్లు. ఇదేమో ముంజె కాదు, పైన కొంచెం నిమ్మాకు నలిపినట్టుంది" అంది. మొదటిది ఫుజియాన్‌ది, రెండోది నీలగిరిది. ఆ మాట విన్నాక నాకు కూడా నిమ్మాకు దొరికింది. వినకముందు నాకు దొరకలేదు కాబట్టి లెక్కలో నా పేరు రాయలేదు.

ఫుజియాన్ మొగ్గకి నేను గ్రాముకి 20 రూపాయలు పెట్టాను, నీలగిరిదానికి అందులో సగం. బావగారి నాలుకకీ నా నాలుకకీ రెండూ ఒకటే అయినప్పుడు ఆ మిగతా సగం ఎందుకు పెట్టాలి? పిన్ని కోసమైతే పెట్టొచ్చు. ఆవిడేమో "నాకు రెండూ వద్దు, ఆ ఆకులున్నదే బాగుంది" అని పియోనీ వైపు చెయ్యి చూపించింది.

మే: ఫ్రిజ్ కాపు

ఎండలకి వేడి టీ ఎవరూ ముట్టుకోవడం లేదు. బుడితి చెంబు కూడా ముందే వేడెక్కి ఉంటోంది, నీళ్లు 84కి బదులు 86 దగ్గర ఆగుతున్నాయి. కాబట్టి చల్లటి కాపు.

అర లీటరు చల్లటి నీళ్లు, 5 గ్రాముల ఆకు, గాజు సీసా, మూత, రాత్రంతా ఫ్రిజ్‌లో. పొద్దున్న వడకట్టడమే. కుండలో పెడదామా అని అక్క అడిగింది కానీ వద్దన్నాను. మే నెలలో కుండ ఎంత చల్లబరిచినా ఎనిమిది గంటలపాటు ఆకు నానిన నీళ్లని నమ్మలేం. కరెంటు ఎక్కువసేపు పోయిన రాత్రి కాపు కూడా పారబోశాం.

ఇక్కడ లెక్క తిరగబడింది. చల్లటి నీళ్లలో క్యాటెకిన్లు తక్కువ దిగుతాయి, అమైనో ఆమ్లాలు బాగానే దిగుతాయి. అంటే వేడిలో ఎవరైతే మన్నించలేదో వాళ్లే ఇక్కడ మెత్తబడ్డారు. సెంచా ఫ్రిజ్‌లో పది గంటలు ఉన్నా చేదు రాలేదు. పచ్చగా, చిక్కగా, కమ్మగా ఉంది. బీచి మాట అన్న బావగారు ఆఫీసుకి సీసాతో పట్టుకెళ్లారు. కొత్త కాంగ్రా అయితే ఇంకా బాగుంది, పూల వాసన చల్లటి నీళ్లలోనే పూర్తిగా విప్పుకుంది. వైట్ టీలు మాత్రం పేలవంగా తేలాయి. ఆకు చిట్లకపోవడం వేడినీళ్లలో మేలు చేసింది, చల్లటి నీళ్లలో అదే అడ్డం. పియోనీని ఆకు పెంచి, మరుసటి మధ్యాహ్నం దాకా ఉంచితే గానీ రుచి రాలేదు. సిల్వర్ నీడిల్‌ని చల్లటి నీళ్లలో వేయడం డబ్బు దండగ.

ఇంట్లో ఆడపిల్లలకి, రక్తం తక్కువ ఉన్నవాళ్లకి అన్నంతోపాటు ఈ సీసా ఇవ్వడం లేదు. టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుముని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. భోజనం అయిన గంట తర్వాతే.

జూన్: ఏది మిగిలింది

లెక్క రూపాయల్లో వేస్తే ఇలా ఉంది. మా ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర టీ గ్లాసు పది రూపాయలు. కాంగ్రా గ్రాముకి మూడున్నర, కప్పుకి రెండున్నర గ్రాములు, రెండుసార్లు నీళ్లు పోసుకోవచ్చు. కప్పు ఐదు రూపాయల లోపే పడింది. పియోనీ గ్రాముకి 12, కప్పుకి 3 గ్రాములు, అంటే 36. కానీ నాలుగుసార్లు నీళ్లు పోసినా రుచి ఇస్తుంది, కప్పు తొమ్మిది. సిల్వర్ నీడిల్ అదే లెక్కన పదిహేను. సెంచా గురించి రాయను, కొరియర్, దిగుమతి ఖర్చులతో కలిపి అది నా జీతానికి సరిపడేది కాదు.

రోజూ తాగడానికి వైట్ పియోనీ ఉంచుతున్నాం. నలుగురున్న ఇంట్లో టీ పోసి మర్చిపోవడం ఖాయం, దాన్ని మన్నించే ఆకుల్లో పిన్నికి నచ్చింది అదే. ఎండాకాలానికి కొత్త కోత కాంగ్రా, ఫ్రిజ్‌లో. వేడిగా తాగేటప్పుడు కాంగ్రాకి నేనే చెంబు పట్టుకుని నిలబడతాను, ఇంకెవరికీ అప్పగించను. లాంగ్‌జింగ్ అమ్మ కోసం ఏడాదికి ఒక చిన్న పొట్లం, ఏప్రిల్ కోతదే. నీలగిరి టిప్స్ చుట్టాలు వచ్చినప్పుడు. డార్జిలింగ్ వైట్ నాకు నచ్చింది, ఇంట్లో ఇంకెవరికీ నచ్చలేదు, ఓటింగులో ఓడిపోయింది. నీలగిరి గ్రీన్ అయిపోయింది, మళ్లీ తెప్పించను. మిగిలిన గన్‌పౌడర్ పుదీనాతో ఖర్చవుతోంది.

ఇంకో పని ఇప్పుడే మొదలుపెట్టాను. వైట్ టీ గురించి చైనా వర్తకులు చెప్పే మాట ఒకటుంది, ఒక ఏడాది టీ, మూడేళ్లకి మందు, ఏడేళ్లకి నిధి అని. గ్రీన్ టీ నిలవుంటే ఎండుగడ్డి అవుతుందని కాంగ్రాతో చూశాం. వైట్ టీ నిలవుంటే బాగుపడుతుందంటున్నారు. కానీ అది పొడిగా ఉంచితే మాట. మన దగ్గర జూన్ నుంచి నవంబరు తుపాన్ల దాకా గోడలకే చెమట పడుతుంది. ఒక కొత్త పియోనీ పొట్లాన్ని మూడు భాగాలు చేశాను. ఒకటి బిగుతు మూత స్టీలు డబ్బాలో, అలమర పై అరలో. ఒకటి అదే రకం డబ్బాలో, లోపల సిలికా జెల్ సంచితో. మూడోది కొరియర్లో వచ్చిన జిప్ కవరులోనే, గాలి పిండేసి. మసాలా డబ్బాలున్న అరలో ఏదీ పెట్టలేదు. మూడిట్లోనూ ఆకు తూకం కాటాతో చూసి కాగితం మీద రాసి అతికించాను. తేమ పీలిస్తే తూకమే ముందు చెబుతుంది. నవంబరులో తూచి, కాచి, అక్క చేత పోయించి, పిన్నికి ఇస్తాను.